డీఎస్సీ పేపర్లో పిల్లాడెక్కడ?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డీఎడ్ (ప్రాథమిక టీచరు శిక్షణ) చదివినవాళ్లందరికీ, సర్కారు బడి టీచర్లను ఎంపికచేసే డీఎస్సీ పరీక్ష లెక్క నోటికొచ్చు. ప్రాథమిక బడి టీచరు (ఎస్‌జీటీ) పోస్టుకు 160 ప్రశ్నలు, ప్రశ్నకు అరమార్కు, మొత్తం 80. మిగతా 20, విడిగా రాసే టీచరు అర్హత పరీక్ష టెట్ వెయిటేజీ. టెట్‌లోని 150ని 20కి కుదిస్తారు కాబట్టి, మళ్లీ రాసి 15 మార్కులు పెంచుకున్నా కలిసొచ్చేది 2 మార్కులే. అంటే డీఎస్సీలో నాలుగు ప్రశ్నలు. ఆ నాలుగింటి కోసం కోచింగ్‌కు పేరున్న అవనిగడ్డ దాకా వెళ్లి గదులు అద్దెకు తీసుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. విడతలవారీ పరీక్ష, ఆపైన విడతల మధ్య తేడాను మార్కుల్లో సరిచేసే నార్మలైజేషన్; పోస్టు దశాంశాల దగ్గర తేలుతోంది.

అందుకే, ఇంటర్వ్యూ కూడా పెట్టాలని కొందరు చేసే వాదన ఒప్పుకోలేనిది. పాఠం చెప్పడం టిక్కులతో కొలిచే పని కాదన్నది నిజమే. కానీ 5 మార్కుల ఇంటర్వ్యూ పది ప్రశ్నలకు సమానం. సిఫార్సు లేని ఇంటి పిల్ల ఏడాది కష్టం అక్కడ కొట్టుకుపోతుంది. రాతపరీక్షే ఉండాలి. మారాల్సింది ప్రశ్న.

52లోంచి 27 తీసేయమంటే మూడో తరగతి పిల్లాడు 35 అని రాశాడనుకోండి. అది అజాగ్రత్త కాదు. 2లోంచి 7 పోదు కనుక 7లోంచి 2 తీశాడు, పదుల్లో 5లోంచి 2 తీశాడు. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి’ అన్నది వాడు కట్టుకున్న సూత్రం. ఇంకో పది లెక్కలిస్తే పదీ ఇలాగే చేస్తాడు. పుల్లల కట్ట విప్పి, ఒక పదిని పది ఒకట్లుగా చేసి చూపిస్తేనే దారికొస్తాడు. ఇప్పుడు అభ్యర్థిని అడగండి: ఇదే పిల్లాడు 64లోంచి 38 తీస్తే ఎంత రాస్తాడు? 26, 34, 36, 102. సరైన జవాబు 34. కంప్యూటరే దిద్దుతుంది, సిఫార్సుకు చోటులేదు. గైడు బట్టీపట్టినవాడు మాత్రం 26 దగ్గర ఆగిపోతాడు.

తెలుగు సంగతీ ఇంతే. ఇక్కడి పిల్ల ‘సదువు’, ‘ఎల్తాను’ అని రాస్తే అది ఇంటిమాట అని పోల్చుకోలేని టీచరు ఎర్రసిరాతో కొట్టేస్తాడు, ఆ పిల్ల మర్నాటి నుంచి నోరు విప్పదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే వాళ్ల సవర భాష నేర్చుకున్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. మందస, మెళియాపుట్టి కొండల్లో బడికి వెళ్లాల్సిన టీచరును మాత్రం సవరలో ఒక్క మాటైనా అడగం. ఎలాగూ కంప్యూటర్ ముందే కూర్చోబెడుతున్నాం. హెడ్‌ఫోన్ ఇచ్చి, ఒక పిల్ల చదివిన నాలుగు వాక్యాలు వినిపించి, ఎక్కడ తడబడిందో గుర్తుపట్టమనొచ్చు. జనరల్ నాలెడ్జి 8 మార్కుల్లో సగం ఇటు మళ్లిస్తే ఎనిమిది ప్రశ్నలకు చోటు దొరుకుతుంది.