పెరట్లో అచ్చయిన పిక్విక్

ఆదివారం పొద్దున్న మా పుస్తకాల వాట్సాప్ గ్రూపులో చిన్న గొడవ మొదలైంది. నేను దూరాక పెద్దదైంది. ఒకాయన ఒక పాత పుస్తకం మొదటి పేజీ ఫొటో పెట్టారు. చార్లెస్ డికెన్స్ నవల 'పిక్విక్ పేపర్స్'. అచ్చు వేసింది హెన్రీ డౌలింగ్, ఊరు లాన్సెస్టన్, వాన్ డీమన్స్ లాండ్, సంవత్సరం 1838. కింద ఆయన రాసిన మాట: "ఇంగ్లిషు దొరలకీ ఒక కోఠి ఫుట్‌పాత్ ఉండేదన్నమాట!" పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఇంకొకావిడ వచ్చి, "దొంగతనం అనకండి, అది అభిమానం. అంత దూరంలో కూడా డికెన్స్‌ని ఎలా గుండెల్లో పెట్టుకున్నారో చూడండి" అన్నారు. ఆవిడకి ఇరవై హార్టులు. ఇద్దరూ తప్పే అని నేను టైపు చేసి చేసి బొటనవేలు నొప్పెట్టి, ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

ముందు కథ తెలియని వాళ్లకోసం. 1836లో డికెన్స్‌కి 24 ఏళ్లు. నెలనెలా ఒక షిల్లింగు పుస్తకంగా వచ్చే సరదా కథకి రాత అందించమని చాప్‌మన్ అండ్ హాల్ వాళ్లు నెలకి సుమారు 14 పౌండ్లకి మాట్లాడుకున్నారు. అసలు ఆకర్షణ బొమ్మలు, రాత వాటికి తోడు. అయితే బొమ్మలు గీసే రాబర్ట్ సీమోర్ రెండో భాగం రాకముందే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. మొదట్లో అమ్మకాలు కూడా నీరసమే. నాలుగో భాగంలో సామ్ వెల్లర్ అనే మాటకారి పనివాడు అడుగుపెట్టాడు, కథ తిరిగింది. వెయ్యి కాపీలతో మొదలైంది 1837 చివరికి 40,000 దాటింది. మన వారపత్రికల్లో సీరియల్ ఊపందుకుంటే ఏజెంట్లు కాపీలు పెంచమని ఫోన్లు చేసేవారని వింటాం కదా, ఆ రకం ఊపు.

ఇక లాన్సెస్టన్. ఇప్పుడు టాస్మానియా అంటున్న దీవికి అప్పటి పేరు వాన్ డీమన్స్ లాండ్. లండన్ నుంచి ఓడలో దాదాపు నాలుగు నెలల ప్రయాణం. 1803 నుంచి 1853 వరకు బ్రిటన్ తన ఖైదీల్ని డెబ్బై వేలకి పైగా అక్కడ దింపింది. డౌలింగ్ ఖైదీ కాదు. బాప్టిస్టు బోధకుడి కొడుకు, 1830లో బతుకుతెరువుకి వచ్చినవాడు. ఏడాది తిరిగేసరికి 'లాన్సెస్టన్ అడ్వర్టైజర్' పత్రికని జాన్ పాస్కో ఫాక్నర్ దగ్గర కొన్నాడు. ఆ ఫాక్నర్ ఒక ఖైదీ కొడుకు, తర్వాత మెల్‌బోర్న్ పుట్టుకలో చెయ్యి వేసినవాడు. పత్రిక ఉంది, ప్రెస్సు ఉంది, పిక్విక్ చేతికొచ్చింది. భాగాలుగా వేశాడు, తర్వాత బైండు చేసి పుస్తకంగా అమ్మాడు. డికెన్స్‌ని అడగలేదు, పైసా ఇవ్వలేదు.

నాకు భలే నచ్చేది బొమ్మల సంగతి. లండన్‌లో సీమోర్ పోయాక కొన్నాళ్లకి ఆ పని హాబ్లో బ్రౌన్‌కి దక్కింది. డికెన్స్ కలం పేరు 'బాజ్' కదా, దానికి జోడీగా ఇతను 'ఫిజ్' అని సంతకం పెట్టేవాడు. లాన్సెస్టన్‌లో ఎవరో ఆ బొమ్మల్ని చూసి అచ్చుకోసం రాతి పలక మీద మళ్లీ గీశారు. కింద సంతకం ఏం పెట్టారో తెలుసా? 'టిజ్'! నకలు కొడుతూ కూడా చమత్కారం మానలేదు. దొంగ ఇంట్లో దూరి గోడ మీద తన పేరు రాసి పోయినట్టుంది. ఆ పేజీని జూమ్ చేసి చాలాసేపు చూశాను. ఆ చేతికి సిగ్గు లేదు, భయం అంతకన్నా లేదు.

సరే, దొంగతనమే. నేను కాదనను. కానీ "కాలనీ వాళ్ల బుద్ధి" అన్నట్టు నవ్వుతున్న పెద్దమనుషులు ఒకసారి లండన్ వీధుల్లోకి కూడా చూడాలి. డికెన్స్ ముక్కు కిందే ఎడ్వర్డ్ లాయిడ్ అనేవాడు 'పెన్నీ పిక్విక్' అమ్మాడు. రచయిత పేరు బాజ్ కాదు, 'బాస్'. మన దగ్గర బ్రాండులో ఒక అక్షరం మార్చి సబ్బులు అమ్ముతారే, అచ్చం అలాగే. ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. దీన్ని చూసి అసలుదనుకుని ఎవరూ మోసపోరులే అని కోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. రేనాల్డ్స్ అనే ఇంకొకాయన ఏకంగా కథానాయకుడు పిక్విక్‌ని ఫ్రాన్సు తీసుకెళ్లి కొత్త నవలే రాసేశాడు. తర్వాత ఈ రేనాల్డ్స్ నవలలే మన దేశంలో డికెన్స్ కంటే ఎక్కువ ఆవురావురుమని చదివారు. ప్రేమ్‌చంద్ చిన్నప్పుడు ఉర్దూ అనువాదాల్లో చదివినవాటిలో ఇవీ ఉన్నాయి. ఫిలడెల్ఫియాలోనైతే పెద్ద పేరున్న సంస్థే 1836 నుంచి పిక్విక్‌ని దర్జాగా వేసుకుంది, ఎందుకంటే 1891 దాకా అమెరికా చట్టం పరాయి దేశపు రచయితని పట్టించుకోలేదు. కలకత్తాలోనూ అచ్చయింది. అందరూ కలిసి దోచిన తోటలో, ఆఖరున గోడ దూకినవాణ్ణి మాత్రం పట్టుకుని నవ్వడం ఏం న్యాయం?

అలాగని డౌలింగ్‌ని పేదల పాలిటి దేవుణ్ణి చెయ్యకండి. హార్టులు పెట్టినవాళ్లకి చెప్తున్నాను. అతను వ్యాపారి. తర్వాత ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. దొరికిన సరుకు అమ్ముడుపోతుందని పసిగట్టాడు, వేశాడు, అమ్మాడు. "డికెన్స్ మీద ప్రేమ" అని మనం ఇప్పుడు అద్దుతున్న రంగు మనదే.

నా అసలు బాధ వేరే. దొంగ అన్నా, అభిమాని అన్నా, ఇద్దరూ లండన్ కుర్చీలో కూర్చునే చూస్తున్నారు. ఇది మా పుస్తకాన్ని కొట్టేసిన కథా, మా పుస్తకాన్ని మెచ్చుకున్న కథా అన్నదే ప్రశ్న. లాన్సెస్టన్‌లో ఆ పేజీ తిప్పినవాడికి అందులో ఏం కనబడి ఉంటుందని ఒక్కరూ అడగరు.

ఆరో అధ్యాయం తీయండి. సరదా కథ మధ్యలో ఒక పాదిరీ చెప్పే పిట్టకథ వస్తుంది. పేరు 'ఖైదీ తిరిగిరాక' అనుకోండి. జాన్ ఎడ్మండ్స్ అనే పల్లెటూరి కుర్రాడు దోపిడీ కేసులో ఇరుక్కుంటాడు. ఉరిశిక్ష పడుతుంది, దాన్ని 14 ఏళ్ల ద్వీపాంతరంగా మారుస్తారు. తల్లి మంచాన పడి పోతుంది. శిక్ష పూర్తయ్యాక నానా తంటాలు పడి కాలినడకన ఊరు చేరతాడు. తన ఇంట్లో ఎవరో ఉన్నారు, గుర్తుపట్టేవాడు లేడు. కళ్లు చెమ్మగిల్లే కథే, కాదనను. కానీ లెక్క చూడండి. వెళ్లేముందు బాధ పేజీలకి పేజీలు, తిరిగొచ్చాక ఏడుపు పేజీలకి పేజీలు. మధ్యలో ఆ 14 ఏళ్లు? నాలుగు ముక్కలు. ఎక్కడో లోపలికి పంపారట, రాసిన ఉత్తరాలు ఒక్కటీ చేరలేదట, గడువు దాకా అక్కడే ఉన్నాడట. అయిపోయింది.

లాన్సెస్టన్ అంటే ఆ నాలుగు ముక్కల్లో ఉన్న ఊరు. రచయిత దాటేసిన చోటే వాళ్ల కాపురం. ఖైదీలు కూర్చుని పిక్విక్ చదివారని నేను అనడం లేదు, భాగం భాగం డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్లు వేరు. కానీ అప్పట్లో ఖైదీల్ని ఇళ్లకి పనివాళ్లుగా కేటాయించేవారు. రాత్రి దీపం దగ్గర యజమాని ఈ అధ్యాయం పైకి చదువుతుంటే, పక్కన పళ్లేలు తీస్తున్న మనిషికి ఇంకా పదేళ్లు శిక్ష మిగిలి ఉండొచ్చు. ఇది నా ఊహే. కానీ లండన్‌లో ఎంత తలకిందులుగా తపస్సు చేసినా ఆ గది దొరకదు.

నవల చివర చూస్తే ఇంకా తమాషా. జింగిల్ అనే మోసగాణ్ణి, వాడి జతగాడు జాబ్ ట్రాటర్‌ని పిక్విక్ దొరవారు దయతలచి అప్పుల జైలు నుంచి విడిపించి ఎక్కడికి పంపుతారు? డెమెరారాకి. అంటే ఇప్పటి గయానా. డికెన్స్‌కి అది పాత్రల్ని పంపేసి చేతులు దులుపుకునే చోటు. తర్వాత 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో ఎప్పుడూ అప్పుల్లో ఉండే మికాబర్ కుటుంబాన్ని ఆస్ట్రేలియాకే పంపుతాడు. ఇంట్లో పనికిరానిదంతా పెరట్లో పడేసినట్టు. అయితే ఆ డెమెరారాకి మన కూలీలతో మొదటి ఓడలు కలకత్తా నుంచి చేరింది 1838 మేలో. డౌలింగ్ పిక్విక్ అచ్చు వేసిన ఏడాదే. 1845 నుంచి మద్రాసు ఓడలూ వెళ్లాయి, వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు. జింగిల్‌కి అది కొత్త జీవితం. చెరుకు తోటలో ఒప్పందం మీద వేలిముద్ర వేసిన మనవాడికి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

పెరడు అన్నాను కదా, అది కూడా ఖాళీగా ఉన్నదేం కాదు. డౌలింగ్ ప్రెస్సు తిరుగుతున్న రోజుల్లోనే ఆ దీవి మూలవాసుల్ని ఫ్లిండర్స్ అనే ఇంకో దీవికి తరలించి వైబలెన్నా అనే శిబిరంలో ఉంచారు. ఇంచుమించు రెండొందల మంది వెళ్తే 1847లో తిరిగొచ్చింది 47 మంది. "ఆస్ట్రేలియా తొలి నవలల ముద్రణ" అని మురిసే వ్యాసాల్లో ఈ సంగతి ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. ఒకే దీవి, ఒకే ఏళ్లు.

ఒక సొంత మాట. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకునేది. ఒకదాంట్లో ఒక వారం పత్రిక ఊరికి రాలేదు. ఆ చోట ఒక రూళ్ల కాగితం ఉంటుంది. పక్కింటి పిన్ని చెప్పిన కథ విని అమ్మ సొంత చేతిరాతతో రాసి మధ్యలో కుట్టేసింది. అందులో హీరోయిన్ అత్తగారు అసలు కథలో కంటే చాలా మంచిది. రచయిత్రి చూస్తే నెత్తి కొట్టుకునేది. నేను మాత్రం ఆ కాగితాన్నే నాలుగుసార్లు చదివాను. అచ్చు ఎవరిదన్న గొడవ కంటే, చదివేవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారన్నది నాకు పెద్ద విషయం కావడానికి అదే కారణం కావచ్చు.

గ్రూపులో ఇదంతా చెప్తే ఒకాయన, "పాపం డికెన్స్‌కి కాలనీల గురించి అంత తెలియకపోయి ఉండొచ్చు" అన్నారు. తెలియకపోవడమేమిటి? పాత్రల్నే కాదు, కొడుకుల్నీ పంపాడు. ఆల్ఫ్రెడ్, ఎడ్వర్డ్ ఆస్ట్రేలియాకి. ఎడ్వర్డ్‌ని 1868లో ఓడ ఎక్కించేటప్పటికి వాడికి 16 ఏళ్లు, 1902లో మోరీ అనే ఊళ్లో అప్పులతో పోయాడు. అంతకుముందే, 1857లో వాల్టర్‌ని సైన్యంలో చేర్చి మన దేశానికి పంపాడు. ఆ పిల్లాడికీ అప్పులే. 22 ఏళ్ల వయసులో, 1863 డిసెంబరు 31న కలకత్తా ఆసుపత్రిలో చనిపోయాడు. కబురు సముద్రం దాటి తండ్రికి చేరేసరికి ఫిబ్రవరి 7 అయింది. ఆ రోజు డికెన్స్ పుట్టినరోజు.