ఆగస్టు 29న పుట్టిన ఇంకొకాయన

ఆగస్టు 29 వచ్చిందంటే నా ఫీడ్ అంతా గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోలే. తెలుగు భాషా దినోత్సవం కదా, సహజమే. ఈసారి వాటి మధ్యలో ఇంకో ఫొటో కూడా బాగా తిరిగింది. వెరియర్ ఎల్విన్. ఆయన పుట్టిందీ ఆగస్టు 29నే, 1902లో, ఇంగ్లండ్‌లోని డోవర్‌లో. ఫొటో కింద రాత మామూలే: ఆక్స్‌ఫర్డ్ చదువు చదివి, అన్నీ వదులుకుని, అడవి బిడ్డల కోసం బతికిన మహనీయుడు. కింద వరసగా దండాలు.

ఎల్విన్ అంటే నాకు ఇష్టం. ఆయన పుస్తకాలు చదివే గిరిజనుల గురించి నేను అంతకుముందు బడిలో నేర్చుకున్న చెత్తంతా వదిలించుకున్నాను. అందుకే ఈ దండాలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ మనిషి చేసిన మంచి ఎక్కడి నుంచి వచ్చిందో చెడ్డ కూడా అక్కడి నుంచే వచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కథ తెలియనివాళ్లకు కొంచెం చెప్తాను. 1927లో ఒక క్రైస్తవ సంఘంతో పుణె వచ్చాడు. వచ్చినవాడు గాంధీ దగ్గర చేరి సొంత దేశపు ప్రభుత్వానికి కంట్లో నలుసయ్యాడు. 1932లో స్నేహితుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి మధ్యభారతంలో మైకల్ కొండల్లోని కరంజియా అనే ఊరికి వెళ్లి గోండుల మధ్య కాపురం పెట్టాడు. బడి, మందులు, కుష్ఠు రోగులకు ఒక ఆశ్రయం. బిషప్‌తో పడక 1935లో చర్చికి కూడా దణ్ణం పెట్టేశాడు. చదివింది ఇంగ్లిష్ సాహిత్యం, మతశాస్త్రం. మానవశాస్త్రం ఏ కాలేజీలోనూ చదవలేదు. ఆ రోజుల్లో నెలజీతం లేదు, పైన ఆఫీసరు లేడు. చందాలతో, స్నేహితుల సాయంతో, రాతల మీద వచ్చే డబ్బుతో బండి లాగించాడు. స్వతంత్ర పరిశోధకుడు అనే మాటకు అంతకన్నా పక్కా ఉదాహరణ ఈ దేశంలో దొరకడం కష్టం.

ఆ స్వతంత్రం వల్లే ఆయన రాసింది రాయగలిగాడు. 1939లో బైగా తెగ మీద వచ్చిన పుస్తకాన్నే తీసుకోండి. మనం పోడు అంటాం, వాళ్లు బేవార్ అంటారు. భూమి తల్లి, ఆమె రొమ్మును నాగలితో చీల్చకూడదని బైగాల నమ్మకం. అటవీశాఖకు ఈ నమ్మకంతో పనేముంది? చెట్లు లెక్కపెట్టుకుంది, బేవార్ ఆపించింది, 1890లో బైగా చక్ అని ఒక ముక్క గీసి ఇక అక్కడే చేసుకోండి అంది. ఒక జాతి బతుకుతెరువును, దేవుణ్ణి ఒకే ఆర్డరుతో లాగేసుకుంటే వాళ్ల మనసు ఎలా విరిగిపోతుందో ఎల్విన్ పేజీలు పేజీలు రాశాడు. అటవీశాఖ జీతగాడు అది రాయగలడా? ఆ తర్వాత 1942లో అగరియాల మీద రాశాడు. వాళ్లు మట్టి కొలిమిలో ఇనుము తీసేవాళ్లు. కొలిమి మీద పన్ను, బజార్లో చవక ఫ్యాక్టరీ ఇనుము కలిసి ఆ పనిని ఎలా చంపాయో అందులో ఉంది. 1943లో బస్తర్ మరియాల హత్య కేసులు వంద తీసుకుని కూర్చున్నాడు. అడవి మనుషులు కాబట్టి చంపుకుంటారులే అని కచేరీల్లో తేల్చేసే కేసుల్లో ఒక్కొక్కరి ఇంట్లో ఏం జరిగిందో వెతికాడు. చూస్తే మొగుడూపెళ్లాల గొడవ, అన్నదమ్ముల తగాదా, తాగుడు, చేతబడి అనుమానం. మన జిల్లా పేపర్లో రోజూ వచ్చే వార్తలే.

కాంగ్రెస్ పెద్దలు ఇప్పసారా మాన్పిస్తాం, భజనలు నేర్పిస్తాం అని బయల్దేరితే ఎల్విన్ అడ్డం తిరిగాడు. గాంధీకి దగ్గరివాడై ఉండి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. దాంతో అన్ని వైపులా శత్రువులే. గిరిజన సేవలో ఉన్న గాంధేయవాది ఠక్కర్ బాపా వంటివారు, గిరిజనుల్ని మ్యూజియంలో పెట్టాలంటున్నాడని తిట్టారు. సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే అయితే వీళ్లు వేరే జాతేమీ కాదు, వెనకబడిన హిందువులే అని 1943లో పుస్తకమే రాశాడు. మ్యూజియం తిట్టు ఎల్విన్ కొంత కొనితెచ్చుకున్నదే, ఎందుకంటే బైగాలకు నేషనల్ పార్కులాంటి రక్షిత ప్రాంతం కావాలని రాసింది తనే. తర్వాత వెనక్కి తగ్గాడనుకోండి.

ఇక ఫొటో కింద ఎవరూ రాయని సంగతి.

1940 ఏప్రిల్‌లో ఎల్విన్ కోసీ అనే రాజ్‌గోండ్ పిల్లను పెళ్లి చేసుకున్నాడు. ఆయనకు 37. ఆమె ఆయన బళ్లో చదువుకున్న పిల్ల. పదమూడేళ్లని రాసినవాళ్లున్నారు. బస్తర్‌లో మురియాల ఘోటుల్ మీద పని చేసిన కాలం ఆ కాపురం నడిచిన కాలమే. ఊరి కుర్రకారు, ఆడపిల్లలు రాత్రుళ్లు కలిసి ఉండే ఆ ఇంటి మీద ఆయన 1947లో లావుపాటి పుస్తకం వేశాడు. దానితోనే పేరు ప్రపంచమంతా పాకింది. ఒంటరి తెల్లదొరకు తెరుచుకోని తలుపులు పక్కన గోండు పిల్ల ఉంటే ఎలా తెరుచుకుంటాయో, ఊళ్లు తిరిగి పని చేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1949లో కలకత్తా హైకోర్టులో విడాకులు వచ్చాయి, అదీ ఎక్స్ పార్టీ, అంటే ఆమె తరఫున మాట్లాడేవాళ్లు లేకుండానే. తర్వాత ఆయన పటన్‌గఢ్‌లో ప్రధాన్ అనే గోండు తెగ కుటుంబానికి చెందిన లీలాను చేసుకున్నాడు. ఈరోజు డ్రాయింగ్ రూముల్లో వేలాడే గోండు పెయింటింగులకు పుట్టిల్లు ఆ పటన్‌గఢే.

కోసీ మాత్రం దిండోరీ జిల్లాలో తన రైత్వార్ గ్రామంలోనే ఉండిపోయింది, పేదరికంలో. 2010లో పోయింది. ఆలోపు ఆయనకు 1954లో భారత పౌరసత్వం వచ్చింది, ఈశాన్యంలో గిరిజన వ్యవహారాల సలహాదారు ఉద్యోగం వచ్చింది, 1961లో పద్మభూషణ్ వచ్చింది. 1964లో ఆయన పోయాక వెలువడిన ఆత్మకథకు సాహిత్య అకాడమీ అవార్డు కూడా ఇచ్చారు. ఆ ఆత్మకథలో ఈ పెళ్లికి దక్కిన చోటు నాలుగు ముక్కలే. ఎవడో ఊరూపేరూ లేని మరియా ముద్దాయి ఇంటి గొడవను అంత ఓపికగా తవ్విన చేయి, సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

నేను అనేది ఇదే. పైన ఎవరూ లేకపోవడం వల్ల ఆయన అటవీశాఖను కడిగేయగలిగాడు. పైన ఎవరూ లేకపోవడం వల్లే బళ్లో చదివిన పిల్లను పెళ్లాడుతుంటే, చేసుకున్నామెను వదిలేస్తుంటే ఇదేంటని అడిగే దిక్కు లేకపోయింది. చర్చి వదిలేశాడు, గాంధీకి దూరమయ్యాడు, యూనివర్సిటీ లేనేలేదు. ఊరివాళ్లు అడగాలి. వాళ్ల బడి, మందులు, కష్టానికి చేతిలో పడే నాలుగు రూపాయలు అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఎలా అడుగుతారు? యూనివర్సిటీలో ఉంటే బుద్ధిమంతుడయ్యేవాడని కూడా నేను అనను. ఆ కాలం ప్రొఫెసర్లు గిరిజనుల తలకాయలు కొలిచే పనిలో ఉన్నారు.

మన గిడుగు పంతులుగారి దగ్గరికి వస్తాను. దండలు వేసేవాళ్లలో సగం మందికి సవర గిరిజనుల కోసం, వాళ్ల భాష కోసం ఆయన చేసిన పని తెలియదు. పర్లాకిమిడిలో బడిపంతులు. ఏజెన్సీ కొండల నుంచి వచ్చే సవరల మాట విని, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. అదేమైనా తెలుగుకు చుట్టమా అంటే కాదు, ముండా కుటుంబపు భాష. సొంత డబ్బుతో సవరలకు బళ్లు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. భాష రాసుకునేవాడికి చెవి పోవడమంటే ఏమిటో ఆలోచించండి. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. సర్కారు డబ్బు ఇస్తానంటే ఆ డబ్బుతో వాళ్లకో బడి పెట్టండి అన్నారు. ఎల్విన్ 1955లో సవరల మతం మీద, గోడల మీద బొమ్మలు గీసి పెద్దల్ని నిలుపుకునే ఆ పద్ధతి మీద పుస్తకం తెచ్చేనాటికే గిడుగువారి నిఘంటువు బల్ల మీద ఉంది.

ఆయనా స్వతంత్రుడే, సవర పని చెయ్యమని ఎవరూ పంపలేదు. కానీ ఊరు మారలేదు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపేదాకా దశాబ్దాల తరబడి అదే ఊరు, అదే వీధి. తప్పు చేస్తే మర్నాడు గుమ్మం ముందుకు వచ్చి అడిగే మనుషులున్నారు. అక్కడే నాకు తేడా కనబడుతుంది.

(గోండుల మధ్య పని చేసిన ఇంకో మానవశాస్త్రవేత్త, ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్ సంగతేమిటి అంటారు, తెలుసు. మార్లవాయిలో ఆయన పేరు దేవుడి పేరుతో సమానం, అది ఊరికే రాలేదు. కానీ ఆదిలాబాద్ గోండుల కోసం ఆయన చేసిన పనికి వెనక నిజాం సర్కారు ఉంది. అది వేరే పోస్టు.)

ఇప్పుడు ప్రతి రెండో యూట్యూబర్ ఎక్స్‌ప్లోరరే. పాడేరు ఘాట్ ఎక్కి, ఎవరింటి వంటగదిలోకో కెమెరా పెట్టి, 'బయటి ప్రపంచానికి తెలియని తెగ' అని థంబ్‌నెయిల్ వేస్తాడు. ఆ ఇంట్లో టీవీ మోగుతుంటుంది, దాన్ని ఎడిటింగ్‌లో తీసేస్తాడు. 2018లో ఒక అమెరికన్ కుర్రాడు మతప్రచారానికని అండమాన్‌లోని నార్త్ సెంటినెల్ దీవికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025లో ఇంకొకడు అదే దీవి ఒడ్డున కొబ్బరికాయ, కోక్ డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. అండమాన్ తెగల రక్షణకు 1956 నుంచి రెగ్యులేషన్ ఉంది. అది తెలియక వెళ్లినవాళ్లు కాదు. మనకు అడ్డేమిటి అనుకుని వెళ్లినవాళ్లు. వీళ్లకు ఎల్విన్ చదువు లేదు, ఓపిక అసలే లేదు. అడిగేవాడు లేడన్న ధీమా మాత్రం ఆయన దగ్గరిదే.

కామెంట్లలో కొందరు "ఆ రోజుల్లో చిన్నప్పుడే పెళ్లిళ్లు మామూలే సార్" అని రాస్తారు. ముందే చెప్తున్నాను. శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆడపిల్లకు 14 నిండాలని అందులో ఉంది. ఎల్విన్ ఈ దేశం వచ్చి రెండేళ్లయ్యాక వచ్చిన చట్టం అది, తను గాంధీ వెంట తిరుగుతున్న రోజుల్లో దేశమంతా వాదించుకున్న చట్టం. ఆయనకు తెలియదని మాత్రం నాతో అనకండి.