గడువు సంగతి రాయాల్సింది

అమెరికా రైల్వే కార్మికుల ఆస్‌బెస్టాస్ జబ్బుల మీద వ్యాసం బాగుంది. కానీ జబ్బు చేస్తే కంపెనీ పరిహారం చేతిలో పెట్టేస్తుందన్నట్టు రాశారు. అంత తేలిక కాదండీ. అక్కడ మిగతా కార్మికులకుండే రాష్ట్రాల పరిహార పథకాలు రైల్వేవాళ్లకు వర్తించవు. వాళ్లకు 1908 నాటి ఫెలా (ఫెడరల్ ఎంప్లాయర్స్ లయబిలిటీ యాక్ట్) చట్టమే దిక్కు. కంపెనీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. అది కొంచెం కారణమైనా చాలు, అదే ఊరట.

మీరు వదిలేసిన అసలు చిక్కు గడువు. కేసు వేయడానికి మూడేళ్లే. బాయిలర్ల చుట్టూ ఉన్న ఆస్‌బెస్టాస్ దుమ్ము పీల్చినవాళ్లకు మెసోథీలియోమా (ఊపిరితిత్తుల వంటి అవయవాల పైపొరకు వచ్చే క్యాన్సర్) బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టొచ్చు! అందుకే గడువును దుమ్ము పీల్చిన రోజు నుంచి లెక్కపెట్టరు, జబ్బు సంగతి తెలిసినప్పటి నుంచే. సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చిన ఓ రైలింజన్ ఫైర్‌మన్ కేసులో 1949లోనే సుప్రీంకోర్టు ఈ దారి చూపింది.

2003లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టోసిస్ (ఆస్‌బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) రోగులకు క్యాన్సర్ భయానికి కూడా పరిహారం అడగొచ్చంది, ఆ భయం నిజమైనదీ తీవ్రమైనదీ అయితే. బానే ఉంది. అదే కోర్టు 2012లో మాత్రం, ఇంజన్ విడిభాగాలు తయారుచేసిన కంపెనీల మీద రాష్ట్ర చట్టాల కింద కేసులు చెల్లవంది. ఆస్‌బెస్టాస్ పెట్టి అమ్మినవాళ్లు అలా తప్పించుకోవడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది.