ఆ ఫోన్ ఆవిడ చేతికివ్వండి!

బెజవాడలో మా వీధి డ్రైనేజీ పొంగి నాలుగు రోజులైంది. కార్పొరేటరమ్మకి ఫోన్ చేస్తే ఎత్తిందెవరు? వాళ్లాయన! "ఏదైనా నాతో చెప్పండమ్మా" అంటాడు. ఎందుకు చెప్పాలండీ? నేను ఓటేసింది మీకా?

ఇంటికెళ్లాను. హాల్లో కుర్చీలో ఆయన. ఆవిడొచ్చి, ఆయన చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, పెన్ను మూత బిగించి లోపలికెళ్లిపోయింది. నాతో ఒక్క మాట లేదు! ఫ్లెక్సీలోనూ ఆయన బొమ్మే పెద్దది.

స్థానిక సంస్థల్లో 50 శాతం సీట్లు ఆడవాళ్లకిచ్చింది ఇందుకేనా? రాష్ట్రంలో మగ ఓటర్లకన్నా మనమే ఎక్కువ కదా! చంటిపిల్లల్ని చంకనేసుకుని ఎండలో క్యూ కట్టేది మనమే కదా! చట్టసభలకి 33 శాతం అని 2023లో చట్టం చేశారు, జనగణన, డీలిమిటేషన్ (అంటే నియోజకవర్గాల పునర్విభజన) అయ్యాకే అని మెలిక పెట్టారు. ఇంకెన్నాళ్లు?

మా కాలువ ఎక్కడ పూడిందో ఆవిడకి తెలుసు. రోజూ ఆ నీళ్లు దాటుకునే వెళ్తుంది.