సవరణ: పాత మారుతి 800కి కీలెస్ ఎంట్రీ

మొన్న పాత మారుతి 800కి కీలెస్ కిట్ ఏయించుకోవచ్చు అని రాసిన కదా, అది చూసి నల్లగొండ దోస్తులు బటన్ స్టార్ట్ గూడ వస్తదా అని అడుగుతున్నరు, అందుకే క్లియర్‌గ చెప్తున్న. రాదు. ఈ కిట్‌ల రిమోట్‌తోని డోర్లు లాక్, అన్‌లాక్ అయితయి అంతే, ఇంజన్‌కు తాళంచెవి తిప్పుడే.

ఇంకోటి, సెంట్రల్ లాకింగ్ (అన్ని డోర్లు ఒక్కసారే లాక్ అయ్యే ఏర్పాటు) లేని బండికి ఒక్క రిసీవర్ డబ్బా (రిమోట్ సిగ్నల్ అందుకునేది) సరిపోదు, ప్రతి డోర్‌ల యాక్చుయేటర్ మోటర్ (లాక్‌ను కదిలించే చిన్న మోటర్) గావాలె, మామూలుగ డ్రైవర్ డోర్‌కు 5 వైర్లది, మిగిలినయాటికి 2 వైర్లది. డోర్‌కు బాడీకి నడుమ వైర్లు రబ్బర్ గొట్టంలకెల్లే పోవాలె, జర వదులుగ ఉండాలె, లేకుంటే డోర్ తీసి మూసినప్పుడల్లా రేకు అంచుకు రాసుకొని తెగి షార్ట్ అయితది, మెకానిక్ ఎంత తొందరపడ్డా ఇది మాత్రం దగ్గరుండి చూస్కోండ్రి. బ్యాటరీ లైన్‌కు ఫ్యూజ్ తప్పకుండ పెట్టియ్యాలె. తాళంచెవి జేబుల్నే ఉంచుకోండ్రి, బండి బ్యాటరీ దిగితే రిమోట్ ఎంత నొక్కినా డోర్ రాదు.