టైల్ పెట్టే ముందు గోడలో పైపు చూసుకోండి

మా నల్లగొండలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎవరు కలిసినా నేను ముందు అడిగేది, గోడలో ఏ పైపు వేయిస్తున్నారని. "అదంతా ప్లంబర్ చూసుకుంటడన్నా" అంటారు. టైల్స్ కోసం హైదరాబాద్ దాకా పోయి నాలుగు షాపులు తిరిగినవాళ్లే ఈ మాట అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే నేనూ అట్లనే వదిలేశాను.

ఇంట్లోకి వచ్చిన రెండో చలికాలం. బాత్రూమ్‌కు అవతలివైపు బెడ్‌రూమ్ గోడ మీద పెయింట్ ఉబ్బింది. ముందు చెమ్మ అనుకున్నాం. సంక్రాంతి నాటికి చెయ్యి పెడితే గోడ మెత్తగా తగిలింది. టైల్స్ పగలగొట్టి చూస్తే గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల లైన్‌లో పైపు మలుపు తిరిగే ఎల్బో దగ్గర కారుతోంది. పైపు మంచిదే, వేడినీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ. కానీ జాయింట్‌కు పూసింది మామూలు పీవీసీ సొల్యూషన్. చేత్తో లాగితే ఎల్బో ఊడి వచ్చింది. సొల్యూషన్ అంటే జిగురు కాదు. అది పైపు పైపొరను, ఫిట్టింగ్ లోపలి పొరను కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. సీపీవీసీకి దాని సొల్యూషన్ వేరే ఉంటుంది. వేరేది పూస్తే చల్లనీళ్లకు కొన్నాళ్లు ఆగుతుందేమో, వేడినీళ్లు రోజూ పోయే లైన్‌లో నిలవదు. ఒక చిన్న డబ్బా దగ్గర చేసిన పొదుపుకు గోడ పోయింది. ఆ టైల్ డిజైన్ మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ ఆ గోడకు రెండు రంగులున్నాయి.

అట్లని మళ్లీ జీఐ పైపులకు, అంటే జింక్ పూత వేసిన ఇనుప పైపులకు పోదామని నేను అనను. మా నాయిన కట్టించిన పాత ఇంట్లో జీఐ లైన్ కోసినప్పుడు చూశాను. ముప్పావు ఇంచీ పైపు లోపల సున్నం, తుప్పు కలిసి పేరుకుని పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. మన బోరు నీళ్లు అంత గట్టివి. ప్లాస్టిక్ పైపుకు తుప్పు పట్టదు, లోపల నున్నగా ఉంటుంది కాబట్టి సున్నం అంత త్వరగా పట్టుకోదు. అయితే పైపు మార్చినంత మాత్రాన నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గదు. మన జిల్లాలో ఆ మాట గట్టిగా చెప్పాల్సిందే. తాగడానికి ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లు వేరే లైన్‌లో తెచ్చుకుని, బోరు నీళ్లు కలవకుండా చూసుకోవడమే మంచిది.

ఇక ఏ పైపు అంటే, చల్లనీళ్లకు యూపీవీసీ, అంటే గట్టి పీవీసీ పైపు సరిపోతుంది. దాని ప్రమాణం ఐఎస్ 4985, అది 45 డిగ్రీల వరకే. గీజర్ నీళ్లు 60 డిగ్రీల దాకా పోతాయి కాబట్టి ఆ లైన్‌కు సీపీవీసీనే వేయాలి. దాని మీద ఐఎస్ 15778 అని ఉంటుంది, పక్కనే ఎస్‌డీఆర్ 11 లేదా 13.5 అని ఉంటుంది. ఎస్‌డీఆర్ అంటే పైపు బయటి వ్యాసం దాని గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే నంబర్. ఇక్కడ చాలామంది పొరబడతారు. నంబర్ తక్కువైతేనే పైపు మందం ఎక్కువ. వేడినీళ్లకు నేనైతే 11 తప్ప వేరేది వేయించను. కుళాయి మర వచ్చే చోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగ్ అడగండి. ఉత్త ప్లాస్టిక్ మర ఒక్కసారి గట్టిగా బిగిస్తే చీలుతుంది.

పొలంలో బోరు వేసినప్పుడు మిగిలిన బూడిదరంగు పైపు ముక్కలు తెచ్చి సంపు నుంచి ట్యాంకుకు వేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పీవీసీ పైపుల తయారీలో సీసం కలిపిన స్టెబిలైజర్లు వాడేవాళ్లు. దాన్ని ఆపించడానికి కేంద్రం 2021లో ప్రత్యేకంగా నిబంధనలే తెచ్చింది. ఏ ఏడాదిదో తెలియని పైపులో పిల్లలు తాగే నీళ్లు ఎందుకు పారించాలి?

స్లాబ్ మీద లైన్ సంగతి వేరు. మన మే నెల ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది. పది మీటర్ల సీపీవీసీ పైపు వేడి 30 డిగ్రీలు పెరిగితే దాదాపు రెండు సెంటీమీటర్లు సాగుతుంది. క్లాంపులు బిగించి కట్టేస్తే ఆ లాగుడంతా జాయింట్ మీద పడుతుంది. పైపు జరగడానికి కాస్త వదులు ఉంచాలి. నేరుగా ఎండ పడే చోట నీళ్లలో కలిపే అక్రిలిక్ పెయింట్ వేయించండి, ఆయిల్ పెయింట్ వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ప్రెజర్ టెస్ట్. ప్లాస్టరింగ్‌కు ముందే లైన్లన్నీ నీళ్లతో నింపి, గాలి తీసేసి, చేతి పంపుతో ప్రెజర్ ఎక్కించాలి. ఇళ్లల్లో మామూలుగా చదరపు సెంటీమీటరుకు 10 కిలోల దాకా ఎక్కిస్తారు. ఉత్త గాలితో మాత్రం చేయనివ్వకండి, పైపు పగిలితే ముక్కలు ఎగిరి మీద పడతాయి. మేస్త్రి తొందర పెడతాడు, టైల్స్ వాళ్లు వచ్చి కూర్చున్నారంటాడు. ఆ ఒక్క రోజు ఆగమని చెప్పే హక్కు డబ్బు పెట్టే మీకుంది.

మా తమ్ముడు ఇప్పుడు దేవరకొండ రోడ్డులో ఇల్లు కడుతున్నాడు. పోయిన వారం దగ్గరుండి టెస్ట్ పెట్టించాను. సాయంత్రం ఎక్కించిన ప్రెజర్ పొద్దున చూసేసరికి బాగా దిగింది. వెతికితే వంటింట్లో పైపు రెండుగా చీలే ఒక టీ జాయింట్ దగ్గర సన్నగా నీరు ఊరుతోంది. ప్లంబర్ ఆ ముక్క కోసి, కొత్త టీ, రెండు కప్లింగులు వేశాడు. అరగంట కూడా పట్టలేదు. సొల్యూషన్ ఆరనిచ్చి మళ్లీ టెస్ట్ పెట్టాం, ఈసారి ప్రెజర్ మీటర్ ముల్లు కదల్లేదు. అప్పుడు పైపు ఎక్కడుందో తర్వాత తెలిసేలా ప్రతి గోడకూ కొలత టేప్ పట్టి ఫోటోలు తీసుకున్నాం. టైల్స్ వాళ్లను తమ్ముడు సోమవారం రమ్మన్నాడు.