జావ తాగి జిమ్‌కి వెళ్దాం

మా డాలస్ వాకింగ్ గ్రూపులో పొద్దున ఆరింటికి కలవగానే వినపడే మొదటి మాట "నేనింకా పరగడుపే". అదేదో బంగారు పతకం అన్నట్టు చెప్పుకుంటాం. ముందు రాత్రి ఎనిమిదింటికి తిన్నాక, మళ్లీ ముద్ద ముట్టేది మర్నాడు పన్నెండింటికే. మధ్యలో గంట నడక, వారానికి మూడు రోజులు జిమ్, ఒక కప్పు బ్లాక్ కాఫీ.

నేనూ రెండేళ్లు చేశాను. బరువు తగ్గింది, షుగర్ దారికొచ్చింది. కిందటేడు డెక్సా స్కాన్‌లో మాత్రం ఎముకల సాంద్రత తగ్గిందని తేలింది. నాకు 54 ఏళ్లు. తప్పంతా ఉపవాసానిదే అనను. నెలసరి ఆగిన తర్వాతి ఐదారేళ్లలో ఆడవాళ్లకి ఎముక వేగంగానే కరుగుతుంది. అలాంటి వయసులో నేను దానికి ఇంకో దెబ్బ తోడు చేశానేమో అన్నదే నా అనుమానం.

ఎముక రాయి కాదు. పాతదాన్ని తవ్వే కణాలు, కొత్తది కట్టే కణాలు రోజూ పనిచేస్తూనే ఉంటాయి. ఆ తవ్వకం ఎంత జరుగుతోందో సీటీఎక్స్ అనే రక్తపరీక్ష చెబుతుంది. అది తెల్లవారుజామున, పరగడుపున ఎక్కువగా ఉంటుంది, తిన్నాక తగ్గుతుంది. ఇక మన ఎండల్లో గంటసేపు చెమటోడిస్తే ఆ చెమటతో కాల్షియం కూడా పోతుంది. రక్తంలో తగ్గినదాన్ని పారాథైరాయిడ్ హార్మోను ఎముకలోంచి తీసి సర్దుతుంది. 2015లో మహిళా సైక్లిస్టుల మీద జరిగిన ఒక పరిశోధనలో, రైడ్‌కి రెండు గంటల ముందు సుమారు 1350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న టిఫిన్ పెడితే ఆ హార్మోనూ, సీటీఎక్సూ అంతగా పెరగలేదు.

ఇవన్నీ రక్తంలో కొన్ని గంటల లెక్కలు. పరగడుపున నడిచిన వాళ్లందరికీ తుంటి విరుగుతుందని దీనర్థం కాదు. నన్ను ఎక్కువ భయపెట్టేది రోజు మొత్తం మీద తగ్గే తిండి. 2004లో వచ్చిన ఇంకో పరిశోధనలో, వ్యాయామం చేస్తున్న యువతులకి తిండి బాగా తగ్గిస్తే ఐదు రోజులకే ఎముక కట్టే పని మందగించింది. మన సంగతి చూడండి. యాభై దాటిన ఆడవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో ఉండేది దాదాపు 300. ఎనిమిది గంటల్లో రెండు పూటలు, అందులోనూ ఒకటి సలాడ్ అయితే మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది?

"మా అమ్మమ్మ ఏకాదశి ఉపవాసాలు చేసి తొంభై ఏళ్లు బతికింది" అంటుంది మా వదిన. నిజమే. కానీ ఆవిడ ఏకాదశి నాడు స్క్వాట్లు చెయ్యలేదు, ద్వాదశి నాడు పారణ మానలేదు. పొలానికెళ్లే వాళ్లయితే చద్దన్నం తినో అంబలి తాగో బయల్దేరేవాళ్లు.

వ్యాయామం మానమని కాదు, బరువులెత్తడం ఎముకకి మంచిదే. ఫాస్టింగ్ వదల్లేనివాళ్లు ఆ పదహారు గంటల్ని సాయంత్రం వైపు జరుపుకోండి. రాత్రి భోజనం ఆరింటికే ముగించి, పొద్దున పదింటికి తిన్నాకే జిమ్‌కి వెళ్లండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్ని అడగండి.

ఈసారి మన సంఘం 5కె నడకలో చివర సమోసాలు పెట్టే బదులు మొదట్లోనే మజ్జిగ కలిపిన రాగి జావ పోద్దాం. రాగిపిండి నేను తెస్తాను, మజ్జిగ ఎవరు తెస్తారో గ్రూపులో చెప్పండి.